పెట్రోల్ పికప్ ఆగిపోయిందా? ట్యాంకులో మోటారు మార్చే ముందు ఇవి చూడండి

"అన్నా, సెల్ఫ్ బాగానే కొడుతోంది, బండి మాత్రం అందుకోవడం లేదు. ట్యాంకులో మోటారు పోయినట్టేనా?"

ఎండలు మొదలైతే నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. ఒకరు పాకాల నుంచి, ఒకరు పుత్తూరు రోడ్డు నుంచి, ఇంకొకరు దామలచెరువు మండీలో మామిడి లోడు ఎత్తుకుని గేటు దాటకముందే. అందరికీ ఫోన్లో చెప్పిందే చెప్పి విసుగొచ్చింది కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను.

మోటారు (ట్యాంకులోంచి పెట్రోల్‌ను ఇంజిన్‌కు తోసే పంపు) పోయిందని నా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావాటికి మోటారు బాగానే ఉంటుంది. దానిదాకా కరెంట్ సరిగ్గా రాదు. లేదంటే కరెంట్ వస్తుంది, ఎర్త్, అంటే అది బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్ళే దారి, ఉండదు. ఈ తప్పు నేనూ చేసినవాణ్ణే. చాలా ఏళ్ళ కిందట టమోటా లోడుతో భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే నా పాత బండి ఆగింది. కిందికి లాగించి ఒక షాపులో పెడితే, మీటరు కూడా పెట్టకుండా మోటారు పోయిందన్నారు. నేనూ సరేనన్నాను. కొత్త మోటారు పడింది, మూడో రోజు అదే ఘాట్‌లో అదే మలుపు దగ్గర మళ్ళీ ఆగింది. చివరికి తేలిందేమిటంటే, ట్యాంకు వెనక ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ బోల్టు కింద వేలిగోరంత తుప్పు. గీకితే పోయేది.

ఇది ఏ బండ్లకు పనికొస్తుంది అంటే, ట్యాంకులో కరెంట్ మోటారు ఉన్న పెట్రోల్ ఇంజెక్షన్ బండ్లకు. చిన్న పికప్‌లు, ఓమ్ని లాంటి వ్యాన్లు, పెట్రోల్ మినీ ట్రక్కులు. కార్బురేటర్ ఉన్న పాత బండ్ల కథ వేరు. పాత డీజిల్ పికప్‌లలో చాలావాటికి ట్యాంకులో మోటారే ఉండదు, అక్కడ ఎయిర్ లాక్, ఫిల్టర్, హ్యాండ్ పంపు గొడవలు. అవి ఇక్కడ రాయడం లేదు.

కావలసినవి

ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్. 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు, హోల్డర్‌తో సహా, దానికి రెండు పొడుగు వైర్లు. ఈ బల్బే మీ అసలు పనిముట్టు, ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను. ఎల్‌ఈడీ టెస్టర్ దీనికి బదులు పనికిరాదు. రెండు మూడు స్పేర్ ఫ్యూజులు, మోటారు రిలే (మోటారుకు కరెంట్ వదిలే స్విచ్చు) నంబరుదే ఇంకొకటి, మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టిన జంపర్ వైరు. గీకడానికి ఎమెరీ పేపరు, 10 నంబరు స్పానర్, గుండుసూదులు. బ్యాటరీ నుంచి ట్యాంకు దాకా అందే పొడుగు వైరు ఒకటి. తాళం తిప్పడానికి ఒక మనిషి.

జాగ్రత్తలు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పని ఆరుబయట చేయండి, షెడ్డు లోపల వద్దు. బీడీ, సిగరెట్, దోమల చక్రం, ఏదీ దగ్గర ఉండకూడదు. పొడి పౌడర్ ఫైర్ సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. ట్యాంకు మూత గానీ మోటారు గానీ తెరిచి ఉన్నప్పుడు బల్బు, జంపర్ జోలికి పోవద్దు. వైరు కొనను ఛాసిస్‌కు రాసి నిప్పురవ్వ వస్తోందా అని చూసే అలవాటు కొందరికి ఉంది. పెట్రోల్ ట్యాంకు పక్కన ఆ పని చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

1. ముందు పెట్రోల్, బ్యాటరీ

నవ్వుకోకండి. పాత బండిలో ఫ్లోట్ ఇరుక్కుపోయి ముల్లు పావు దగ్గరే నిలబడి ఉంటుంది, ట్యాంకు ఎండిపోయి ఉంటుంది. ఐదు లీటర్లు పోసి చూడండి.

తర్వాత బ్యాటరీ. బండి ఆఫ్‌లో ఉన్నప్పుడు 12.4 వోల్టులు లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు పదికి బాగా దిగువకు పడిపోతుంటే ముందు బ్యాటరీ సంగతి చూసుకోండి. వోల్టేజీ పడిపోతే మోటారు నీరసంగా తిరుగుతుంది, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కూడా తికమకపడుతుంది. అలాంటి బ్యాటరీతో కింది పరీక్షలు చేస్తే అన్ని లెక్కలూ తప్పుతాయి.

2. చెవి పెట్టి వినండి

తాళం ఆన్‌కు తిప్పగానే, సెల్ఫ్ కొట్టకముందే, ఈసీఎం మోటారును రెండు మూడు సెకన్లు తిప్పి ఆపుతుంది. ట్యాంకు దగ్గర చెవి పెడితే "జుయ్" అని సన్నగా వినిపిస్తుంది. రోడ్డు పక్కన లారీల రొదలో వినపడదు, కాస్త నిశ్శబ్దంగా ఉన్నచోట చూడండి. ఒకసారి విన్నాక తాళం ఆఫ్ చేసి, పావు నిమిషం ఆగి మళ్ళీ తిప్పాలి. వెంటవెంటనే తిప్పితే కొన్ని బండ్లలో రెండోసారి మోటారు తిరగదు. అది చూసి పోయిందనుకోవద్దు.

శబ్దం రాకపోతే మూడో మెట్టుకు వెళ్ళండి. శబ్దం వస్తున్నా బండి స్టార్ట్ కాకపోతే సెల్ఫ్ కొడుతూ మీటరు బోర్డులో ఆర్‌పీఎం ముల్లు ఉంటే దాన్ని చూడండి. చాలా బండ్లలో అది కొంచెమైనా కదలాలి. అసలు కదలకపోతే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇంజిన్ తిరుగుతోందన్న సంగతి ఈసీఎంకు తెలియకపోతే అది మోటారుకు కరెంట్ ఇవ్వదు. అప్పుడు మోటారును నిందించి లాభం లేదు. డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు మిణుకుమిణుకుమంటుంటే ఇమ్మొబిలైజర్, అంటే తాళాన్ని గుర్తుపట్టకపోతే బండిని స్టార్ట్ కానివ్వని ఏర్పాటు, అదీ వేరే లెక్క.

గ్యాస్ బండి ఉన్నవాళ్ళకు ఒక సులువు ఉంది. గ్యాస్ మీద చక్కగా నడిచి, పెట్రోల్‌కు మార్చగానే చచ్చిపోతోందంటే ప్లగ్గులు, క్రాంక్ సెన్సర్ బాగున్నట్టే. వెతకాల్సింది పెట్రోల్ వైపే. గ్యాస్ బండ్లలో ఈ జబ్బు ఎక్కువ. నెలల తరబడి పెట్రోల్ అడుగున రెండు లీటర్లు ఉంచి తిప్పుతారు. మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. అది లేకపోతే వేడెక్కుతుంది, వాడకపోతే ఇరుక్కుపోతుంది.

3. ఫ్యూజ్

తీసి వెలుతురులో చూసి బాగుందనేయొద్దు. వెంట్రుకవాసి పగులు కంటికి కనపడదు. ఫ్యూజ్ నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. తాళం ఆన్‌లో ఉంచి మీటరు రెండింటి మీదా పెట్టి చూడండి. ఒకదానిమీద 12 వచ్చి రెండోదానిమీద రాకపోతే ఫ్యూజ్ పోయింది. రెండింటిమీదా ఏమీ లేకపోతే ఆ ఫ్యూజ్‌కు కరెంట్ రిలే తర్వాత వస్తుందేమో చూసుకోండి. అలాంటప్పుడు తాళం తిప్పిన ఆ రెండు మూడు సెకన్లలోనే చూడాలి.

కొత్తది వేయగానే మళ్ళీ పోతే పెద్ద ఫ్యూజ్ వేసే పని మాత్రం చేయకండి. 15 ఉన్నచోట 30 వేసి, లోడు బాడీ కింద వైరింగ్ కాల్చుకున్న బండి నా దగ్గరికి వచ్చింది. ఫ్యూజ్ పదేపదే పోతోందంటే వైరు ఎక్కడో ఛాసిస్‌కు ఒరుసుకుంటోంది, లేదా మోటారు బిగుసుకుంది. ట్యాంకు దగ్గర కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) ఊడదీసి కొత్త ఫ్యూజ్ వేయండి. అప్పుడూ పోతే వైరింగ్, నిలిస్తే మోటారు.

4. రిలే

హారన్ రిలేయో ఫ్యాన్ రిలేయో అదే నంబరుది ఉంటే మార్చి చూడడం అందరికీ తెలిసిన పనే. ఆకారం ఒకటే ఉంటే చాలదు, పక్కన గీసిన బొమ్మ కూడా ఒకటే అయి ఉండాలి.

"రిలే క్లిక్‌మంటోంది కదా, అది బాగుంది" అంటారు. క్లిక్ అనేది లోపల కాయిల్ శబ్దం మాత్రమే. పాయింట్లు నల్లబడి ఉంటే క్లిక్‌మంటుంది గానీ కరెంట్ దాటదు.

రిలే ఊడదీసి, సాకెట్‌లో 30, 87 గళ్ళను ఫ్యూజ్ ఉన్న జంపర్ వైరుతో కలపండి. కొన్నింటి మీద ఈ అంకెలకు బదులు వేరేవి ఉంటాయి. బొమ్మలో స్విచ్చు గీత ఏ రెండు కాళ్ళకు కలుస్తోందో అవే. మోటారు తిరిగిందంటే మోటారు, దానికి పోయే వైరు పనిచేస్తున్నట్టు. లోపం రిలేలోనో, దానికి ఆజ్ఞ ఇచ్చే వైపునో ఉంది. ఆజ్ఞ వచ్చే వైపు, అంటే కాయిల్ కాళ్ళ మీద, మీటరు మాత్రమే పెట్టండి. అక్కడ బల్బు పెడితే ఆ లోడు ఈసీఎం మోయలేకపోవచ్చు, మోటారు ఖర్చు కాస్తా ఈసీఎం ఖర్చవుతుంది. జంపర్ పెట్టినా మోటారు తిరగకపోతే ఐదో మెట్టు.

అంతకంటే ముందు ఒక్క నిమిషం స్టీరింగ్ కిందికి వంగి టార్చి వేసి చూడండి. బండి ఎక్కడుందో చూసుకోవడానికి ఓనర్లు జీపీఎస్ పెట్టిస్తారు. దాంట్లో బండిని దూరం నుంచి ఆపేయడానికి ఒక చిన్న రిలే ఉంటుంది, అది మోటారు వైరునో ఇగ్నిషన్ వైరునో కోసి మధ్యలో కలిపి ఉంటుంది. చాలాచోట్ల సోల్డర్ ఉండదు, వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేస్తారు, అంతే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండిలో అలాంటిది ఉందని మీకు తెలియకపోవచ్చు కూడా. ఎండకు టేపు జిగురు కారి ఊడుతుంది, గుంతల్లో వైరు వదులవుతుంది. కంపెనీ వైరింగ్‌లో ఎక్కడైనా కొత్త టేపు కనిపిస్తే ముందు అక్కడ విప్పండి.

5. ట్యాంకు దగ్గర కప్లర్: అసలు పరీక్ష

కప్లర్‌లో సాధారణంగా నాలుగు వైర్లుంటాయి. లావుగా ఉన్న రెండు మోటారువి, సన్నవి రెండు పెట్రోల్ ముల్లువి. కప్లర్ ఊడదీసి, బండి వైరింగ్ వైపు ముక్కలో మోటారు వైర్లు రెండింటి మధ్యా బల్బు పెట్టి, తాళం తిప్పించండి. రెండు మూడు సెకన్లు బల్బు నిండుగా వెలగాలి. జంపర్ పెట్టి ఉంటే వెలుగుతూనే ఉంటుంది.

మీటరు వద్దని బల్బు ఎందుకు చెబుతున్నానంటే, వైరు లోపల ఇరవై పోగుల్లో పంతొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. మీటరుకు కరెంట్ దాదాపు అక్కర్లేదు కదా. 21 వాట్ల బల్బు ఒకటిన్నర ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఆ లోడు మోయలేకపోతే వైరు అక్కడే దొరికిపోతుంది. "మీటరులో 12 వచ్చింది, కాబట్టి మోటారే పోయింది" అని మార్చేసిన మోటార్లకు లెక్కే లేదు.

బల్బు వెలగలేదనుకోండి. బల్బు ఒక వైరును మోటారు ప్లస్ మీదే ఉంచి, రెండోదాన్ని పొడుగు వైరుతో బ్యాటరీ మైనస్‌కు పెట్టండి. ఇప్పుడు నిండుగా వెలిగితే ఎర్త్ పోయినట్టు. ఇప్పుడూ వెలగకపోతే ప్లస్ వైరు ఫ్యూజ్ బాక్స్ నుంచి ట్యాంకు దాకా ఎక్కడో తెగింది.

6. బల్బు వెలిగినా వదలొద్దు, వోల్టేజీ ఎంత పోతోందో చూడండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. బండి లోడు మీద, ఎండలో ఆగిపోయే జబ్బు ఇక్కడే దొరుకుతుంది. కప్లర్ తిరిగి పెట్టి, మోటారు తిరుగుతుండగా చూడాలి. కప్లర్ వెనకవైపు నుంచి వైరు పక్కగా గుండుసూది దూర్చి దానిమీద మీటరు పెట్టండి. వైరు తొడుగును పొడవొద్దు, ఆ కన్నంలోంచి నీళ్ళు పోయి ఆర్నెల్లలో పచ్చ చిలుము పడుతుంది. రెండు సూదులు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి.

మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది మోటారు ప్లస్ మీద. 0.5 వోల్టుల లోపు ఉండాలి. తర్వాత ఒకటి మోటారు మైనస్ మీద, ఇంకొకటి బ్యాటరీ మైనస్ మీద. ఇక్కడ 0.2, మహా అయితే 0.3. నా పాత బండిలో ఆ రోజు ఎర్త్ వైపు 1.9 వచ్చింది. బ్యాటరీలో 12.3 ఉంటే మోటారుకు పదే అందుతోందన్నమాట. చదును రోడ్డు మీద అది సరిపోయింది. ఘాట్‌లో ఫుల్ లోడు మీద పెట్రోల్ చాలలేదు.

ఎక్కువ వస్తే వెతకాల్సిన చోట్లు: ఎర్త్ బోల్టు, కప్లర్ పిన్నులు, లోడు బాడీ కింద వైరింగ్ వంపు తిరిగే చోటు. మన వైపు బండ్లలో నేను చూసిన సంగతి ఒకటి చెబుతాను. టమోటా బాక్సులు అడుగున నలిగి రసం ఫ్లోర్ సందుల్లోంచి కారుతుంది, పాల క్యాన్లు కడిగిన నీళ్ళూ అంతే. అది సరిగ్గా ట్యాంకు మీద, కప్లర్ మీద పడే బండ్లు ఉన్నాయి. టమోటా పులుపు రాగిని తింటుంది. కప్లర్ విప్పి చూస్తే ఒక పిన్ను మాత్రం పచ్చగా, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరిగి కొద్దిగా కరిగి ఉంటుంది. అలా కరిగిన కప్లర్‌ను గీకి మళ్ళీ వాడితే వారం రోజులు వస్తుంది. కొత్త కప్లర్ వైరు ముక్కతో సహా ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది, అది వేయించండి. పైన పాత ట్యూబు ముక్క గొడుగులా కట్టుకుంటే ఇంకా మంచిది.

ఎర్త్ బోల్టు విప్పి, రింగు రెండు వైపులా, ఛాసిస్ మీద పెయింటు కింద మెరిసే ఇనుము కనపడేదాకా గీకండి. బిగించాక పైన గ్రీజు రాయండి.

7. కరెంట్, ఎర్త్ రెండూ బాగుండి మోటారు తిరగకపోతే

ఇప్పుడు మోటారును అనుమానించే హక్కు మీకు వచ్చింది. తాళం తిప్పిస్తూ ట్యాంకు అడుగున అరచేత్తోనో రబ్బరు సుత్తితోనో తట్టండి, ఇనుప సుత్తి వద్దు. తట్టగానే "జుయ్" మని తిరిగితే లోపల మోటారుకు కరెంట్ అందించే కార్బన్లు అరిగాయి. బండి ఇంటికి చేరుతుంది, రేపటి లోడుకు నమ్మొద్దు.

తట్టినా కదలకపోతే కప్లర్ తీసి మోటారు రెండు కాళ్ళ మధ్య ఓమ్‌లు చూడండి. మామూలుగా కొద్ది ఓమ్‌లు వస్తుంది. అసలేమీ చూపకపోతే లోపల తెగింది. తెగింది మోటారులోనే కాక, మూతకూ మోటారుకూ మధ్య ఉన్న చిన్న వైరు కూడా కావచ్చు. మోటారు బయటికి తీశాక అదీ చూడండి.

తిరుగుతున్న మోటారు మీద అనుమానం ఉంటే ఫ్యూజ్ తీసి ఆ రెండు గళ్ళ మధ్య మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి, కొద్ది సెకన్లు మాత్రం చూడండి. బండిని బట్టి మారుతుంది గానీ 3 నుంచి 7 మధ్య ఉండటం మామూలు. పదికి పోతుంటే బిగుసుకుంటోంది. మరీ తక్కువగా ఉండి, శబ్దం కీచుగా వేగంగా ఉంటే పెట్రోల్ లాగకుండా ఒట్టిగా తిరుగుతోంది. లోపల రబ్బరు పైపు పగిలి ఉండొచ్చు.

8. శబ్దం ఉంది, బలం లేదు

ఇక్కడ ప్రెషర్ గేజ్ కావాలి. చాలా బండ్లలో సుమారు 3 బార్ ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్‌లో చూసుకోండి. గేజ్ లేకపోతే మంచి గ్యారేజీలో చేయించుకోండి. పైపు ఊడదీసి సీసాలో పట్టి చూడటం నేర్పమని అడుగుతుంటారు, నేర్పను. వేడి ఇంజిన్ మీద ప్రెషర్‌తో పెట్రోల్ చిమ్మితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కరెంట్ బాగుండి ప్రెషర్ తక్కువైతే ట్యాంకులో జల్లెడ మూసుకుందా, ప్రెషర్ రెగ్యులేటర్ పోయిందా, పైపు పగిలిందా అన్నవి మోటారు కంటే ముందు చూడాలి.

9. ఎండలో ఆగుతుంది, అరగంటకు స్టార్ట్ అవుతుంది

తల నొప్పి పుట్టించే రకం ఇది. మెకానిక్ దగ్గరికి వెళ్ళేసరికి బండి బాగానే ఉంటుంది. లోపం ఉన్నప్పుడే చూడాలి కాబట్టి, కప్లర్ దగ్గర మోటారు రెండు వైర్ల నుంచి, మొదట్లోనే ఫ్యూజ్ పెట్టి, చిన్న 5 వాట్ల బల్బును డ్యాష్‌బోర్డు మీదికి తెచ్చుకోండి. వైర్లు సైలెన్సర్‌కు తగలకుండా కట్టండి.

ఇంజిన్ ఆగిపోతే ఈసీఎం తనంతట తనే మోటారు కరెంట్ తీసేస్తుంది. అంటే ఆగాక బల్బు ఆరిపోవడం సహజం. అది చూసి కరెంట్ పోయింది అనుకోవద్దు. చూడాల్సింది జర్కులు మొదలైన ఆ క్షణంలో. పక్కన కూర్చున్న మనిషిని చూడమనండి, మీ కళ్ళు రోడ్డు మీదే ఉండాలి. ఇంజిన్ ఇంకా తిరుగుతుండగానే బల్బు మసకబారితే కరెంట్ వైపు లోపం: రిలే, కప్లర్, ఎర్త్. బల్బు నిండుగా వెలుగుతూ జర్కులు వస్తే మోటారో జల్లెడో. ఆగాక పక్కకు పెట్టి తాళం తిప్పి చూడండి. బల్బు రెండు మూడు సెకన్లు వెలిగి, మోటారు మాత్రం సద్దు చేయకపోతే, అది వేడికి ఇరుక్కునే మోటారు.

10. మోటారు తప్పనిసరిగా మార్చాల్సి వస్తే

ట్యాంకులో పెట్రోల్ తక్కువ ఉన్నప్పుడు, ఇంజిన్ చల్లారాక. మోటారు ఫ్యూజ్ తీసి సెల్ఫ్ కొట్టి ప్రెషర్ దించండి, తర్వాత బ్యాటరీ మైనస్ ఊడదీయండి. మూత చుట్టూ మట్టి ముందే ఊది తుడవండి, లేకపోతే అదంతా ట్యాంకులోకి. పాత జల్లెడ, పాత రబ్బరు రింగు మళ్ళీ వాడొద్దు, ఉబ్బిన రింగు సరిగ్గా కూర్చోదు. ట్యాంకు అడుగున నీళ్ళు, తుప్పు పొడి ఉంటే కడిగించాకే కొత్తది దించండి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఎక్కువ, నీళ్ళు చేరితే అడుగున పొరలా దిగుతుంది. కొత్త మోటారును చేతిలో పట్టుకుని బ్యాటరీకి పెట్టి ఒట్టిగా తిప్పి చూడటం కూడా వద్దు.

బిగించాక ఐదారుసార్లు తాళం ఆన్, ఆఫ్ చేసి మూత చుట్టూ చెమ్మ వస్తోందేమో వేలితో చూడండి. ఆరో మెట్టు లెక్కలు మళ్ళీ తీయండి. కొత్త మోటారు పాతదానికంటే ఎక్కువ లాగితే దాగి ఉన్న చెడ్డ ఎర్త్ ఇప్పుడు బయటపడుతుంది. తర్వాత లోడుతో ఒక ఎత్తు ఎక్కించండి. ఖాళీ బండిని రేణిగుంట దాకా తిప్పి తెచ్చి బాగుందంటే సరిపోదు. మర్నాడు పొద్దున ఎన్ని సెకన్లలో అందుకుందో, బండి కింద పెట్రోల్ వాసన ఉందో లేదో చూడండి.

ఇన్నీ చేసినా తేలకపోతే ఫోన్ చేయండి. చేసే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: బ్యాటరీ వోల్టులు, ప్లస్ వైపు ఎంత పోతోంది, ఎర్త్ వైపు ఎంత పోతోంది, కప్లర్ దగ్గర బల్బు నిండుగా వెలిగిందా లేదా. "మోటారు పోయిందన్నా" అని మాత్రం మొదలుపెట్టొద్దు.